చదివి రికార్డు చేస్తే చాలదు, గుర్తులు కూడా పెట్టాలి

సంపాదకులకు నమస్కారములు.

విశాఖపట్నంలో చూపులేని విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలను చదివి, రికార్డు చేసి ఇచ్చేవారు చాలామందే ఉన్నారు. ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులు, గృహిణులు, సాయంత్రం పూట కాస్త తీరిక చేసుకునే ఉద్యోగులు తమ ఇళ్లలోనే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చేస్తున్న ఈ పనిలో నేనూ ఏడేళ్లుగా ఉన్నాను. మా పనిలో ఉన్న ఒక లోపాన్ని గురించి, దాన్ని సరిదిద్దుకోవడానికి మా చేతిలోనే ఉండి కూడా మేము వాడని ఒక సాధనాన్ని, అంటే రికార్డింగులో కావలసిన చోట గుర్తు పెట్టే వీలును గురించి, నాతోపాటు చదివేవారికీ మా చేత చదివించుకునే సంస్థలకూ మీ పత్రిక ద్వారా విన్నవించుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను.

కిందటి ఏడాది పరీక్షల రోజుల్లో, రాత్రి తొమ్మిదిన్నరకు, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి ఫోను చేసి, “టీచరుగారూ, మూడో పాఠంలో ఆ సీసపద్యం తాత్పర్యం ఏ ఫైల్లో, ఎన్నో నిమిషం దగ్గర ఉందండీ?” అని అడిగింది. పుస్తకం నా బల్ల మీదే ఉంది. పద్యం ఉన్న పేజీ తీయడానికి నాకు అర నిమిషం పట్టలేదు. కానీ నా గొంతుతో నేనే చదివిన ఆ పాఠం రికార్డింగులో ఎక్కడుందో చెప్పడానికి, గంటన్నర నిడివి ఉన్న ఫైలును ముందుకూ వెనక్కూ జరుపుతూ 40 నిమిషాలు వెతకవలసి వచ్చింది. ఏ రోజు ఎంత చదివితే అంత ఒక ఫైలుగా భద్రపరిచి, ఆ రోజు తేదీనే దానికి పేరుగా పెట్టి ఇచ్చేయడం నా అలవాటు. పాఠం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో తెలిపే ఆనవాలు అందులో ఒక్కటీ లేదు. ఆ అమ్మాయి ఇలాంటి వెతుకులాట రోజూ చేస్తోందన్న సంగతి ఆ రాత్రి దాకా నాకు తట్టనందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

నిజానికి శబ్దం మీద గుర్తు పెట్టుకోవడం కొత్త విషయమేమీ కాదు. చదువుకునే రోజుల్లో యువవాణి కార్యక్రమాల కోసం ఇక్కడి ఆకాశవాణి కేంద్రానికి వెళ్లినప్పుడు, స్పూలు టేపును చేత్తో నెమ్మదిగా తిప్పుతూ, మాట మొదలయ్యే చోట పెన్సిలుతో గీత గీసి, బ్లేడుతో ఏటవాలుగా కోసి అతికించడం కళ్లారా చూశాను. సెకనుకు 7.5 అంగుళాల వేగంతో నడిచే టేపు మీద ఒక్క సెకను మాట అంత పొడవునా పరుచుకుని ఉంటుంది కాబట్టి, గీత గీయడానికి కావలసినంత చోటు దొరికేది. తర్వాత ఇళ్లలోకి వచ్చిన క్యాసెట్ రికార్డర్లకు మూడంకెల కౌంటర్ ఉండేది. అది లెక్కపెట్టేది రీలు చుట్లను గాని కాలాన్ని కాదు. అందుకే మన యంత్రం మీద 214 దగ్గర వినిపించిన పాట పక్కింటివారి యంత్రంలో అదే అంకె దగ్గర వినిపిస్తుందన్న భరోసా ఉండేది కాదు. నేటి సాఫ్ట్‌వేర్ పెట్టే గుర్తు సెకనులో అతి చిన్న భాగం వరకు కచ్చితమైనది, ఏ కంప్యూటర్‌లోనైనా మారనిది. ఇంత సౌకర్యం వచ్చాక, కౌంటర్ కూడా లేని క్యాసెట్ లాంటి ఫైళ్లను మేము పిల్లల చేతికి ఇస్తున్నాం.

మాలో చాలామంది వాడేది ఆడాసిటీ. శబ్దాన్ని రికార్డు చేసి సరిదిద్దుకోవడానికి 2000 నుంచి ఉచితంగా లభిస్తున్న ఈ సాఫ్ట్‌వేర్‌లో, రికార్డింగులో ఫలానా క్షణం దగ్గర పెట్టే గుర్తును లేబుల్ అంటారు. అడోబ్ ఆడిషన్, రీపర్ వంటి వాటిలో దాన్నే మార్కర్ అంటారు, అక్కడ ఎం అనే మీట నొక్కితే చాలు. ఆడాసిటీలో రికార్డింగు ఆపి ఉన్నప్పుడు కంట్రోల్, బి కలిపి నొక్కితే కర్సర్ ఉన్న చోట లేబుల్ పడుతుంది. శబ్దం వినిపిస్తున్నప్పుడు గాని, రికార్డు అవుతున్నప్పుడు గాని కంట్రోల్, ఎం కలిపి నొక్కితే ఆ క్షణానికే లేబుల్ పడుతుంది, పని ఆగదు. శబ్ద తరంగం కింద ఒక ప్రత్యేకమైన పట్టీ తెరుచుకుని, ఆ గుర్తు పక్కన మనకు కావలసిన పేరు తెలుగులోనే రాసుకోవచ్చు. ఒక బిందువుకే కాక, కొంత భాగాన్ని ఎంచుకుని దాని మొత్తానికి కూడా ఒకే లేబుల్ పెట్టవచ్చు. పద్యానికి ఒకటి, ప్రతిపదార్థానికి ఒకటి, తాత్పర్యానికి ఒకటి ఇలా పెడితే, పద్యం కంఠస్థం చేయదలచుకున్న విద్యార్థి ఆ ముక్కనే పదిసార్లు వినగలుగుతాడు.

చదువుతుండగానే లేబుల్ పెట్టే సదుపాయం నా పని తీరునే మార్చేసింది. మా ఇల్లు వన్‌టౌన్‌లో ఉంది. హార్బరులోకి ఓడ వచ్చినప్పుడల్లా దాని కూత మా గదిలోకి రావలసిందే. ఇదివరకు కూత వినిపించగానే రికార్డింగు ఆపి, మొదటి నుంచి చదివేదాన్ని. ఇప్పుడు ఆపకుండా ఒక గుర్తు పెట్టి, దానికి “ఓడ” అని పేరు రాసి, ఆ వాక్యాన్ని మళ్లీ చదివి ముందుకు సాగుతున్నాను. “కుక్కర్”, “తడబాటు”, “దగ్గు” అనే లేబుళ్లు కూడా నా పట్టీలో తరచు కనిపిస్తాయి. చదవడం పూర్తయ్యాక గంట రికార్డింగునూ మొత్తం వినకుండా, ఆ గుర్తుల దగ్గరకే వెళ్లి చెడిన వాక్యాలను తీసేస్తాను.

అయితే ఇక్కడే నాకొక దెబ్బ తగిలింది, తోటివారికి తగలకూడదని చెబుతున్నాను. ఒక పుస్తకానికి పాఠాల గుర్తులన్నీ శ్రద్ధగా పెట్టుకున్న తర్వాత, శబ్దమున్న ట్రాకును మాత్రమే ఎంచుకుని తప్పులు కోయడం మొదలుపెట్టాను. శబ్దం ముందుకు జరిగింది గాని లేబుళ్లు ఉన్నచోటే ఉండిపోయాయి. మొదటి పాఠంలో నాలుగు సెకన్లు, రెండో పాఠంలో పదకొండు, ఇలా తేడా పెరుగుతూ పోయి, చివరి పాఠం గుర్తు వచ్చేసరికి పాఠం మొదలై రెండు నిమిషాలు గడిచిపోయింది. ట్రాక్స్ మెనూలో ఉన్న సింక్-లాక్ అనే అంశాన్ని ముందుగా ఎంచుకుని ఉంటే, శబ్దంతోపాటు లేబుళ్లూ జరిగేవి. అది తెలియనివారు కోతలన్నీ ముగించిన తర్వాతే పాఠాల గుర్తులు పెట్టుకోవడం క్షేమం.

గుర్తు ఎక్కడ పడాలన్నది చెవికి సంబంధించిన విషయం. లేబుళ్ల ఆధారంగా ఒక పెద్ద ఫైలును పాఠానికొకటిగా విడగొట్టే ఏర్పాటు ఆడాసిటీలో ఉంది కాబట్టి, గుర్తు పడిన చోటే కోత పడుతుంది. అది అక్షరం మీద పడితే “పద్యం” కాస్తా “అద్యం” అవుతుంది, “కథ” అనేది “అథ” అవుతుంది. మాటకు ముందు తీసుకునే ఊపిరికి కూడా ముందున్న నిశ్శబ్దంలో, సుమారు అర సెకను వెనక్కి గుర్తు పెట్టాలి. మొదటి లేబుల్‌కు ముందున్న శబ్దాన్ని కూడా చేర్చమనే గడిలో టిక్ పెట్టడం మరిచిపోతే, పుస్తకం పేరు, రచయిత పేరు చెప్పిన ముక్క ఫైళ్లలో దేనిలోకీ రాదు. లేబుల్ పేరే ఫైలు పేరవుతుంది కాబట్టి ముందు 01, 02 అని రెండంకెలతో మొదలుపెట్టడం మంచిది. లేకపోతే కొన్ని ప్లేయర్లలో ఒకటో పాఠం తర్వాత పదో పాఠం వస్తుంది.

నిశ్శబ్దాలను పసిగట్టి గుర్తులు తానే పెట్టే సౌకర్యం కూడా ఇందులో ఉంది. ఆంగ్ల పాఠాలకు అది ఎంత ఉపకరిస్తుందో నేను చెప్పలేను గాని, తెలుగు పద్యాల పుస్తకంలో మాత్రం నన్ను నవ్వించింది. సీసపద్యానికి నాలుగు పెద్ద పాదాలు, ఒక్కొక్క పాదాన్ని రెండు విరుపులతో చదువుతాం. ఆ తర్వాత వచ్చే తేటగీతికో ఆటవెలదికో మరో నాలుగు పాదాలు. నేను ఆగిన ప్రతి చోటా పాఠం ముగిసిందనుకుని, ఒక్క పద్యానికే అది పన్నెండు గుర్తులు పెట్టింది. యంత్రం నిశ్శబ్దాన్ని పట్టుకోగలదు, ఆ నిశ్శబ్దం యతి దగ్గరదో అధ్యాయం చివరిదో చెప్పలేదు. ఆ పని మనిషే చేయాలి.

ఇక అన్నిటికంటే విలువైనదిగా నాకు తోచేది లేబుళ్లను విడిగా ఒక టెక్స్ట్ ఫైలుగా దాచుకునే వీలు. ఎక్స్‌పోర్ట్ లేబుల్స్ అనే ఆదేశం ఇస్తే, ఒక్కొక్క వరుసలో మొదలైన సమయం, ముగిసిన సమయం, పేరు ఉండే సాదా ఫైలు వస్తుంది. సమయం సెకన్లలో, దశాంశం తర్వాత ఆరు అంకెల దాకా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ మన పనిని దాచే ప్రాజెక్టు ఫైళ్ల స్వరూపం మారిపోతూ ఉంటుంది. ఆడాసిటీయే 2021లో పాత పద్ధతి వదిలి కొత్త పద్ధతికి మారింది. టెక్స్ట్ ఫైలుకు ఆ బెడద లేదు. నోట్‌ప్యాడ్ ఉంటే చాలు. ఆ వరుసల్లోని సెకన్లను నిమిషాలుగా మార్చి యూట్యూబ్ వివరణలో రాస్తే, అక్కడ కూడా అధ్యాయాలు ఏర్పడతాయి. మొదటిది 0:00తో మొదలై, కనీసం మూడు ఉండి, ఒక్కొక్కటి పది సెకన్లకు తగ్గకుండా ఉండాలన్నదే నియమం. ఫోనులోని రికార్డర్ యాప్‌లలో బుక్‌మార్కులు పెట్టే మిత్రులకు ఒక మనవి: ఫైలు ఆ యాప్ దాటి బయటకు వచ్చేసరికి ఆ గుర్తులు తరచు పోతాయి. పోకుండా వచ్చాయో లేదో ఒకసారి సరిచూసుకుని పంపండి.

చూపులేనివారి శ్రవణ పుస్తకాలకు అధ్యాయం నుంచి అధ్యాయానికి, పేజీ నుంచి పేజీకి వెళ్లే వీలుండాలన్న ఆలోచనతోనే 1996లో అంతర్జాతీయంగా డైసీ కన్సార్టియం అనే సంస్థల కూటమి ఏర్పడింది. ఇంట్లో కూర్చుని చదివే మాలాంటివారందరూ ఆ కూటమి ప్రమాణం ప్రకారం పుస్తకం తయారు చేయలేకపోవచ్చు. పేజీ మారినప్పుడల్లా “పు. 45” అని ఒక లేబుల్ పెట్టడం మాత్రం ఎవరికైనా సాధ్యమే. తరగతిలో అధ్యాపకుడు 45వ పేజీ తీయమన్నప్పుడు తోటివారితోపాటు తానూ తీయగలగడం ఆ విద్యార్థికి ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. కంప్యూటర్ వాడే విద్యార్థులైతే తెర చదివే సాఫ్ట్‌వేర్ సాయంతో ఆల్ట్, బాణం మీటలు నొక్కుతూ ఒక లేబుల్ నుంచి మరో లేబుల్‌కు తామే వెళ్లగలరు, తమకు కావలసిన చోట సొంత గుర్తులు పెట్టుకోగలరు.

రికార్డింగులు స్వీకరించే సంస్థలకు నా విన్నపం రెండు మాటల్లో చెబుతాను. శబ్దం ఫైలుతోపాటు లేబుళ్ల టెక్స్ట్ ఫైలు కూడా ఇస్తేనే పుస్తకం పూర్తయినట్టు లెక్కించండి. ఇచ్చిన ఆ రెండిటినీ విడదీయకుండా విద్యార్థికి చేర్చండి. ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయం వంటి చోట ఒక ఆదివారం ఉదయం నాలుగైదు ల్యాప్‌టాప్‌లతో కూర్చుంటే ఈ పని ఎవరికైనా నేర్పవచ్చు. పైగా, చదివేవారే గుర్తులు పెట్టాలన్న నియమం ఏమీ లేదు. గొంతు బాగుండదని, ఉచ్చారణ సరిగా రాదని వెనుకాడేవారు పుస్తకం ముందు పెట్టుకుని, వింటూ గుర్తులు పెట్టవచ్చు. మా ఇంట్లో ఆ పని మావారు చేస్తున్నారు. ముప్పై ఏళ్లు పోర్టులో పనిచేసిన మనిషి కావడంతో, నేను గమనించకుండా వదిలేసిన ఓడ కూతలను కూడా ఆయనే పట్టుకుంటున్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
వన్‌టౌన్, విశాఖపట్నం.