సాఫ్ట్‌బాల్: ముందు విసరడం, పట్టడం నేర్పాలి

సంపాదకుడు గారికి,

బడులు తెరిచిన కొద్ది నెలలకే స్కూల్ గేమ్స్ ఎంపికల హడావుడి మొదలవుతుంది. కబడ్డీలో, ఖోఖోలో చోటు దొరకని అమ్మాయిలను పోగుచేసి, వారం రోజులు మ్యాచ్‌లు ఆడించి, బేస్‌బాల్‌ను పోలిన సాఫ్ట్‌బాల్ ఆటకు జట్టని పంపేయడం చాలా బడుల్లో మామూలైపోయింది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఈ ఆట మళ్లీ ఉంటుంది కాబట్టి ఆడతామనే పిల్లలు పెరుగుతారు. సంతోషమే. అయితే అండర్-14 అమ్మాయిలకు మొదటి నెలలో ఏం నేర్పాలి, వాళ్ల చేతికి ఏ సామాను ఇవ్వాలి అన్నది అధికారులు పట్టించుకోవాలి.

బంతితోనే మొదలుపెడదాం. పెద్దలు ఆడే బంతి చుట్టుకొలత 12 అంగుళాలు, బరువు సుమారు 178 నుంచి 198 గ్రాముల మధ్య ఉంటుంది. పదేళ్ల పిల్ల వేళ్లకు అది అందదు. అందక అరచేతిలో పెట్టుకుని, మోచేయి కిందికి దించి, షాట్‌పుట్‌లా తోస్తుంది. మోచేతి నొప్పి, భుజం నొప్పి అక్కడే మొదలవుతాయి. చిన్నపిల్లల కోసం 11 అంగుళాల మెత్తటి బంతులు ఉన్నాయి, అవే కొనాలి. అవి వచ్చేదాకా టెన్నిస్ బంతితో నేర్పినా నష్టం లేదు. బంతిని కుట్ల మీద మూడు వేళ్లతో పట్టించాలి. అరచేతికీ బంతికీ మధ్య కాస్త ఖాళీ కనిపించాలి. గ్లౌజు ఉన్న, అంటే విసరని చేతి వైపు భుజం, పాదం ఎదుటి పిల్ల వైపు తిరగాలి, మోచేయి భుజం ఎత్తుకు లేవాలి, విసిరాక చెయ్యి ఎదురు మోకాలి దాకా రావాలి. 5 మీటర్ల దూరంలో నిలబెట్టి మొదలుపెట్టి, గురి కుదిరాకే 8కి, 10కి జరపాలి. దూరం తొందరగా పెంచితే మోచేయి మళ్లీ దిగిపోతుంది. ఒక పూటకు గట్టిగా విసిరేవి నలభై, యాభై చాలు.

పట్టడంలో భయమే పెద్ద అడ్డంకి. ఛాతీ ఎత్తున వచ్చే బంతికి కూడా కొత్తవాళ్లు గ్లౌజును దోసిలిలా వెల్లకిలా పెడతారు. బంతి దాని అంచున తగిలి ఎగిరి ముఖానికి కొడుతుంది. ఒక్కసారి తగిలిందంటే ఆ పిల్ల మర్నాడు మైదానానికి రాదు. నడుము పైకి వచ్చే బంతికి వేళ్లు పైకి, కిందికి వచ్చేదానికి వేళ్లు కిందికి ఉండాలి. ఇది గ్లౌజు లేకుండా, మెత్తటి బంతితో, రెండు చేతులతో ముందు అలవాటు చేయాలి. కొత్త గ్లౌజు బిగుసుగా ఉండి మూసుకోదు. అందులో బంతి పెట్టి తాడుతో కట్టి కొన్ని రాత్రులు ఉంచితే మెత్తబడుతుంది.

క్రికెట్ చూసి పెరిగిన పిల్లలు కదా, బ్యాట్ పట్టగానే నిటారుగా ఆడబోతారు. ఇక్కడ బ్యాట్ నడుము ఎత్తున అడ్డంగా తిరగాలి. ట్రాఫిక్ కోన్ మీద ప్లాస్టిక్ పైపు ముక్క నిలబెట్టి, దానిపై బంతి ఉంచి, ముందు పాదానికి ఎదురుగా పెట్టి కొట్టిస్తే త్వరగా వస్తుంది. బ్యాట్‌ను ఒక్క చేత్తో పక్కకు చాచి 20 సెకన్లు పట్టుకోమనండి. చెయ్యి వాలిపోతే అది ఆ పిల్లకు బరువు. ఇంకో క్రికెట్ అలవాటు, కొట్టాక బ్యాట్‌తోనే పరుగెత్తడం. బ్యాట్‌ను అక్కడే వదలాలి, విసరకూడదు, వెనకే బంతి పట్టే క్యాచర్ ఉంటుంది. కొట్టిన పిల్ల పరుగెత్తి చేరాల్సిన తొలి మూల, అంటే మొదటి బేస్ దగ్గర ఆగిపోవడమూ చూస్తుంటాం. అక్కడ బేస్‌ను తాకి, అదే వేగంతో గీత వెంట ముందుకు సాగిపోవచ్చు. దీన్ని బంతి లేకుండా ఉత్త పరుగుగా పది నిమిషాలు చేయిస్తే సరిపోతుంది.

పిచింగ్‌కు, అంటే బ్యాట్ పట్టిన పిల్లకు బంతి వేయడానికి, తొందర వద్దు. చెయ్యి గుండ్రంగా తిప్పి వేసే విండ్‌మిల్ వేగం చూసి ముచ్చటపడి, మొదటి వారంలోనే నేర్పబోతారు. బంతి తుంటి పక్కన వదలాలి. ఆలస్యమైతే ఆకాశానికి పోతుంది. ముందు 3 మీటర్ల నుంచి మణికట్టు విదిలింపు ఒక్కటే చేయించాలి. మ్యాచ్‌లో అప్పటిదాకా టీచరే బంతి వేసినా కొంప మునగదు.

మైదానం గీతలు కూడా చెప్పాలి. బేస్‌ల మధ్య దూరం 18.29 మీటర్లు. నాలుగు వైపులూ కొలిచి ఊరుకుంటే చతురస్రం వంకరపోతుంది. బ్యాట్ చేసే మూల అయిన హోం ప్లేటు నుంచి దానికి ఎదురు మూలనున్న రెండో బేస్‌కు తాడు లాగితే 25.86 మీటర్లు రావాలి. చిన్నవాళ్లకు సాధనలో బేస్‌లను 15 మీటర్లకు దగ్గర చేయవచ్చు.

బ్యాట్ తిప్పే పిల్లకు 5 మీటర్ల లోపు ఎవరూ ఉండకూడదు. గాజులు, జూకాలు తీయించాలి, జడ హెల్మెట్‌కు అడ్డం రాకుండా ముడవాలి.

జిల్లా విద్యాధికారులకు, క్రీడాశాఖకు మనవి. బడికి ఇచ్చే కిట్టులో 11 అంగుళాల మెత్తటి బంతులు డజను, తేలికపాటి బ్యాట్‌లు రెండు, ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్లు నాలుగు, క్యాచర్ సామగ్రి ఒక సెట్టు, చిన్న సైజు గ్లౌజులు డజను ఉండాలి. ఆ డజనులో కనీసం రెండు, ఎడమచేత్తో విసిరే పిల్లల కోసం కుడిచేతికి తొడిగేవి కావాలి. అవి లేక, పట్టిన ప్రతిసారీ గ్లౌజు ఊడదీసి విసరాల్సివచ్చిన పిల్లను ఎంపికల్లో 'నెమ్మది' అని పక్కన పెట్టేస్తున్నారు.

— ఒక వ్యాయామ ఉపాధ్యాయురాలు, నిజామాబాద్ జిల్లా