శాంతి చర్చల్లో వీళ్లేరీ?

సంపాదకులకు,

భారత్–పాక్ సంబంధాలు చెడినప్పుడల్లా టీవీ చర్చల్లో మాట్లాడేది ఎక్కువగా రిటైర్డ్ సైనికాధికారులు, మాజీ దౌత్యవేత్తలే. మహిళలు కనిపిస్తే బాధితులుగానే. ఇది అన్యాయమే కాదు, జరిగిన చరిత్రను దాచిపెట్టడం కూడా.

కార్గిల్ యుద్ధం ముగిసి ఏడాదైనా కాకముందే, 2000 మార్చిలో గాంధేయవాది నిర్మలా దేశ్‌పాండే నాయకత్వంలో మన మహిళలు ఢిల్లీ నుంచి లాహోర్‌కు బస్సులో వెళ్లారు. తర్వాత పాకిస్తాన్ మానవ హక్కుల న్యాయవాది ఆస్మా జహంగీర్ బృందం అటునుంచి ఢిల్లీ వచ్చింది. ప్రభుత్వాలు ముఖముఖాలు చూసుకోని రోజులవి! ఆస్మాకు వీధి పోరాటం కొత్త కాదు. ఇద్దరు స్త్రీల సాక్ష్యం ఒక పురుషుడి సాక్ష్యంతో సమానమనే చట్టాన్ని పాక్ సైనిక పాలకుడు జియా ఉల్ హక్ ప్రభుత్వం తేబోతే, 1983 ఫిబ్రవరి 12న లాహోర్‌లో మహిళలు లాఠీదెబ్బలు తిన్నారు. ఆ ఉద్యమంలో ఆవిడా ఉన్నారు.

నన్ను ఎక్కువ కదిలించే పేరు మాత్రం రజనీ తిరణగమ. శ్రీలంకలోని జాఫ్నా విశ్వవిద్యాలయంలో అనాటమీ (శరీర నిర్మాణ శాస్త్రం) బోధించిన ఈ డాక్టర్, శ్రీలంక సైన్యం, ప్రత్యేక తమిళ దేశం కోసం ఆయుధం పట్టిన ఎల్టీటీఈ, అక్కడికి వెళ్లిన మన శాంతి సేన చేసిన అకృత్యాలు మూడింటినీ రాతలో పెట్టారు. ఎవరి పక్షమూ కాకపోతే అందరికీ శత్రువే కదా. 1989 సెప్టెంబర్ 21న సైకిల్ మీద ఇంటికి వెళ్తుండగా కాల్చి చంపారు. అప్పటికి ఆమె వయసు 35.

మహిళా దినోత్సవం నాడు ఒక పేజీ కేటాయించి ఊరుకోకండి. సరిహద్దు వార్తలు రాసేటప్పుడు ఇరువైపులా ఇలాంటి పని చేస్తున్న మహిళల అభిప్రాయం కూడా అడిగి అచ్చు వేయండి.

– ఒక పాఠకురాలు