పాత ఇంటికి చారిత్రక గుర్తింపు: మేం మీకు సగమే చెప్పాం

మా కస్టమర్లందరికీ నమస్కారం.

అమెరికాలోని నార్త్ కరోలినాలో పాత ఇళ్ల చరిత్ర వెతికి, వాటికి స్థానిక చారిత్రక ఆస్తిగా గుర్తింపు రావడానికి కావాల్సిన రిపోర్టు రాసిపెట్టడం మా పని. ఇన్నాళ్లూ మా కరపత్రం మొదట్లోనే "ఆస్తి పన్ను సగానికి తగ్గుతుంది" అని ఉండేది. ఈ నెల నుంచి ఆ మాట తీసేశాం.

కిందటేడు ఒక కుటుంబం ఆ మాట చూసే మా దగ్గరికి వచ్చింది. రిపోర్టు రాశాం, గుర్తింపు వచ్చింది. కొన్నాళ్లకు వాళ్లు చెక్క కిటికీలు తీసేసి వినైల్ ప్లాస్టిక్‌వి పెట్టించుకుందామని ఆర్డర్ ఇచ్చి అడ్వాన్సు కట్టారు. ఇంటి బయటి రూపం మార్చాలంటే ముందుగా చారిత్రక కట్టడాలను చూసుకునే స్థానిక ప్రిజర్వేషన్ కమిషన్ దగ్గర 'సర్టిఫికెట్ ఆఫ్ అప్రోప్రియేట్‌నెస్' అనే అనుమతి పత్రం తీసుకోవాలని అప్పుడు తెలిసింది వాళ్లకు. మేం చెప్పామనే అనుకున్నాం. ఫైలు తీసి చూస్తే, ఆ సంగతి రిపోర్టు చివర ఒకే ఒక్క వాక్యంలో ఉంది. తప్పు మాది. వాళ్ల అడ్వాన్సు మేమే తిరిగి ఇచ్చాం.

పన్ను విషయం కూడా సరిగ్గా చెప్పలేదు. ఇక్కడి చట్టం ప్రకారం గుర్తింపు ఉన్న ఇంటికి విలువలో 50 శాతం మీదే పన్ను వేస్తారు, నిజమే. కానీ మిగతా సగం మాఫీ అయిపోదు, వాయిదా పడుతుంది. అది ఆస్తి మీద బకాయిగా నిలిచి ఉంటుంది. మీ మార్పుల వల్ల ఇల్లు ఆ అర్హత పోగొట్టుకుంటే గడిచిన 3 ఏళ్ల వాయిదా పన్ను వడ్డీతో సహా కట్టాలి. పైగా గుర్తింపు వచ్చినంత మాత్రాన ఈ వాయిదా దానంతటదే రాదు, కౌంటీ పన్నుల ఆఫీసులో విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి.

ఇంకొకటి. "ఇక ఈ ఇంటిని ఎవరూ కూల్చలేరు" అని మేం ఒకరిద్దరితో అన్నాం. సాధారణంగా ఇక్కడి కమిషన్ కూల్చివేతను 365 రోజుల దాకా ఆపగలదు, అంతే. ఆ ఏడాదిలో ఇల్లు కొనేవాళ్లనో, మరో దారినో వెతకాలి. తల్లిదండ్రులు వదిలి వెళ్లిన ఇంటిని కాపాడుకోవాలని వచ్చినవాళ్లకు ఈ తేడా చాలా పెద్దది.

స్థానిక గుర్తింపును నేషనల్ రిజిస్టర్‌తో, అంటే దేశం మొత్తానికి ఉన్న చారిత్రక స్థలాల జాబితాతో, కలిపి గందరగోళపడేవాళ్లూ ఎక్కువే. 1966 చట్టంతో వచ్చిన ఆ జాబితాలో చేరితే గౌరవం దక్కుతుంది. సొంత డబ్బుతో సొంత ఇంటిని మార్చుకునేవాళ్లను మాత్రం అది ఆపదు. ఫెడరల్ 20 శాతం పన్ను క్రెడిట్ (పునరుద్ధరణ ఖర్చులో అంత మేరకు ఆదాయపు పన్నులో తగ్గింపు) కూడా అద్దెకిచ్చే ఇళ్లు, వ్యాపార భవనాల వంటి ఆదాయం తెచ్చే వాటికే, మీరు నివసించే ఇంటికి రాదు. మార్పులకు అనుమతి అడిగేది స్థానిక గుర్తింపే.

ఇవన్నీ విన్నాక కూడా గుర్తింపు కావాలనుకుంటే, మాకంటే సంతోషించేవాళ్లు ఉండరు. ఈ పనిలో నాకు ఎప్పటికీ విసుగు పుట్టనిది పాత శాన్‌బోర్న్ మ్యాపులు చూడటం. అగ్నిప్రమాద బీమా కంపెనీల కోసం గీసిన ఆ మ్యాపుల్లో చెక్క ఇళ్లకు పసుపు, ఇటుక ఇళ్లకు గులాబీ రంగు వేసేవారు. వేర్వేరు ఏళ్ల మ్యాపులు పక్కపక్కన పెడితే మీ ఇంటి ముందు వరండా ఎప్పుడు పెరిగిందో, వెనక వంటగది ఎప్పుడు ఇంట్లో కలిసిపోయిందో కళ్లకు కడుతుంది. దస్తావేజులు, పాత సిటీ డైరెక్టరీలు తోడైతే అక్కడ ఎవరున్నారో, ఏం పని చేసేవారో కూడా దొరుకుతుంది. ఇల్లు పాతదైతే చాలదు. దానికి ప్రత్యేకమైన ప్రాముఖ్యం ఉండాలి, దాని అసలు రూపమూ సామగ్రీ పనితనమూ చాలావరకు మిగిలి ఉండాలి. అందుకే ఆ చెక్క కిటికీల గురించి అంత పట్టుబడతాం. దట్టంగా పెరిగిన పాత చెట్ల కలపతో చేసినవి అవి, బాగు చేయించుకుంటే ఇంకా ఏళ్ల తరబడి నిలుస్తాయి.

ఇకనుంచి డబ్బు తీసుకోకముందే మీతో కూర్చుని, వచ్చే పదేళ్లలో ఇంటికి ఏమేం చేయించాలనుకుంటున్నారో అడుగుతాం. కప్పు, కిటికీలు, కొత్త గది, ఏదైనా సరే. గుర్తింపు వచ్చాక అది కుదరదనిపిస్తే అప్పుడే చెప్పేస్తాం. ఇప్పుడు మా దగ్గర రిపోర్టు నడుస్తున్నవాళ్లు ఇదంతా చదివి టెన్షన్ పడకండి. ఊరి కౌన్సిల్ ఓటు వేసేదాకా దరఖాస్తు వెనక్కి తీసుకోమని అడగొచ్చు. ఆపేద్దామనుకుంటే ఫోన్ చేయండి, ఇంకా చేయని పనికి తీసుకున్న డబ్బు మొత్తం వెనక్కి ఇచ్చేస్తాం.