ఆ సీసాలో ఏముందో లెక్క చూపాలి

సంపాదకులకు,

మా వదినగారి మోకాళ్ల నొప్పికి ఎక్సోజోమ్ ఇంజక్షన్ చేస్తామన్నారు ఒక క్లినిక్ వాళ్లు. కరపత్రం మీద ‘కోట్లాది ఎక్సోజోమ్‌లు’ అని పెద్దక్షరాలు. ల్యాబ్ నడిపేవాణ్ణి కదా, ఎలా లెక్కపెట్టారని అడిగాను. ఫోన్ పెట్టేశారు.

ఎక్సోజోమ్‌లంటే శరీర కణాలు వదిలే బుడగలు, 30 నుంచి 150 నానోమీటర్లు. మా మైక్రోస్కోపుకి అందవు. లేజర్ వెలుగులో వాటి కదలికను వీడియో తీసి సైజు, సంఖ్య కట్టే యంత్రాలున్నాయి. ఆ యంత్రానికి ప్రొటీన్ ముద్దయినా, కొవ్వు రేణువైనా ఒక చుక్కే! రొయ్య పిల్లల్ని కొనేటప్పుడు నలకల్నీ కలిపి లెక్కేస్తే మన కోనసీమ రైతు ఊరుకుంటాడా? అందుకే ఎక్సోజోమ్‌ల పైపొర మీదుండే సీడీ63, సీడీ81 లాంటి ప్రొటీన్ గుర్తులూ పరీక్షించాలి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక్క ఎక్సోజోమ్ మందుకూ అనుమతివ్వలేదు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ముందు ఆ సీసాల బ్యాచ్ రిపోర్టులు అడగాలి.

– ఒక ల్యాబ్ టెక్నీషియన్, అమలాపురం