రియాక్టర్ అంటే ప్రతిసారీ పెద్ద గంగాళమేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఫార్మా కంపెనీలో ఏ ప్రమాదం జరిగినా పేపర్లలో, టీవీల్లో ఒకటే మాట, రియాక్టర్ పేలింది అని. 2024 ఆగస్టులో అచ్యుతాపురంలో 17 మంది పోయినప్పుడు కూడా చాలా చోట్ల మొదట అదే అన్నారు, తర్వాత తేలిందేమంటే సాల్వెంట్ (సరుకుల్ని కరిగించే ద్రవం) లీకై ఆ ఆవిరికి నిప్పంటుకుందని. నేను ఇరవై రెండేళ్లు హైదరాబాద్ దగ్గర బల్క్ డ్రగ్ (మాత్రల్లో వేసే అసలు మందు) చేసే కంపెనీల్లో షిఫ్ట్ కెమిస్టుగా చేసి తిరుపతికి వచ్చేసినాను. మా పక్కింటాయన అయితే ఇప్పటికీ రియాక్టర్ అంటే కరెంటు తీసే అణు రియాక్టరే అనుకుంటాడు.

మేం వాడింది జాకెట్ (వేడినీళ్లో చల్లనీళ్లో పారే బయటి తొడుగు) చుట్టిన పెద్ద గంగాళం, అంతే. అన్నీ అందులో వేసి కలియబెట్టడం, వేడి పుడితే ఆ వేడి గోడ గుండానే బయటికి పోవాలి, 5000 లీటర్ల దాంట్లో లీటరు సరుకుకి అరచేయంత గోడ కూడా రాదు. అదే 1 మిల్లీమీటరు సందు ఉన్న ట్యూబులో పారిస్తే లీటరుకి 4 చదరపు మీటర్ల గోడ దొరుకుతుంది, పైగా ఏ టైములో చూసినా లోపల ఉండే సరుకు కొంచెమే. దీన్నే ఫ్లో కెమిస్ట్రీ అంటా ఉన్నారు.

నాకు దీంట్లో బాగా నచ్చింది మోనోలిత్, అంటే ట్యూబులో ఒకే ముక్కగా ఉండే బొక్కల కడ్డీ. ఎందుకో చెప్తా. హైడ్రోజనేషన్‌కి (హైడ్రోజన్ చేర్చే రియాక్షన్) పల్లాడియం కార్బన్ అని నల్లపొడి కేటలిస్టుగా, అంటే తాను ఖర్చవకుండా రియాక్షన్‌ని వేగం చేసేదిగా వేస్తాం, రియాక్షన్ కంటే తర్వాత దాన్ని ఫిల్టర్ చేసేదే భయం, తడి ఆరిందంటే గాలి తగిలినా అంటుకుంటుంది. ఒక రాత్రి షిఫ్టులో ఫిల్టర్ మీద మిగిలిన ఆ పొడి ముద్ద (కేక్ అంటాం) ఆరిపోయింది, నీళ్లు కొట్టేలోపల మిథనాల్ ఆవిరి భగ్గుమంది, హెల్పర్ కుర్రోడికి చేతి మీద వెంట్రుకలు కాలినాయి, అంతటితో బయటపడ్డాం. రిజిస్టర్లో మైనర్ అని రాసుకున్నాం. కేటలిస్టు ట్యూబులోనే కదలకుండా ఉండి, లిక్విడ్ మాత్రం దాంట్లోంచి పోతే ఆ ఫిల్టర్ పనే ఉండదు కదా.

మరి కేటలిస్టు గుళికలు ట్యూబులో పోస్తే సరిపోదా అంటే, అది బూందీ డబ్బాలో నీళ్లు పోసినట్టు. సన్న బూందీ అయితే నీళ్లు దిగవు, పంపు మొత్తుకుంటుంది, లావుది అయితే సందుల్లోంచి జారిపోతాయి, బూందీ లోపలికి చేరవు. మోనోలిత్ మైసూర్ పాక్ లాంటిది, మొత్తం ఒకటే ముక్క, లోపలంతా ఒకదాంట్లోకి ఒకటి తెరుచుకున్న బొక్కలు (తిరుపతిలో ఉండి లడ్డూ వదిలేసి మైసూర్ పాక్ అంటున్నానని అనుకోవద్దు, లడ్డూలో ఆ బొక్కలు లేవు మరి). మోనోమర్ (గొలుసుగా అతుక్కునే చిన్న అణువులు), క్రాస్‌లింకర్ (ఆ గొలుసుల్ని ఒకదానికొకటి కట్టేది), వాటితో పాటు గట్టిపడని ఒక సాల్వెంట్ కలిపి ట్యూబులోనే వేడి చేస్తే పాలిమర్ గడ్డకడుతుంది, ఆ సాల్వెంట్‌ని కడిగేస్తే అది ఉన్న చోటంతా బొక్కలే. 1992లో స్వెక్, ఫ్రెషే అనే శాస్త్రవేత్తలు ఇట్లాంటి పాలిమర్ కడ్డీలు చేసి చూపించారు, జపాన్‌లో క్యోటోలో నకనిషి, సోగా సిలికాతో చేశారు. సిలికాలో 2 మైక్రాన్ల పెద్ద దారుల్లో లిక్విడ్ పారుతుంది, 13 నానోమీటర్ల చిన్న రంధ్రాల్లో అసలు పని జరుగుతుంది, గ్రాముకి 300 చదరపు మీటర్ల దాకా లోపలి వైశాల్యం. మొదట ఇవి హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏమేం కలిసున్నాయో విడదీసి చూసే మిషన్) కాలమ్‌లుగా వచ్చాయి, మా క్యూసీ (క్వాలిటీ పరీక్షించే) వాళ్లకి బాగా తెలుసు.

ఆ మాటకొస్తే కొండకి ఘాట్ రోడ్డు ఎక్కే పెట్రోల్ కార్ల కింద కూడా ఒక మోనోలిత్ ఉంది, సైలెన్సర్ లైన్లో తేనెపట్టు లాంటి సిరామిక్ ముక్క, దాని మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. కాకపోతే దాంట్లో దారులు తిన్నగా పోతాయి, ఒకదాంట్లోకి ఒకటి కలవవు.

అన్నిటికీ ఇదే మందు అనట్లేదు. రియాక్షన్‌లో గడ్డ తేలితే బొక్కలు మూసుకుపోతాయి, పాలిమర్‌ది కొన్ని సాల్వెంట్లలో ఉబ్బుతుంది, కేటలిస్టులోని మెటల్ కొంచెం కొంచెం కరిగి పోతా ఉంటుంది. గంగాళంలో అయితే ఈ వారం ఒక మందు, వచ్చే వారం ఇంకోటి చేసుకోవచ్చు, ఓనర్లు దాన్ని అంత తేలిగ్గా వదలరు.

మన ఏర్పేడు దగ్గరే ఐఐటీ, ఐసర్ (సైన్స్ చదువు, పరిశోధనల కేంద్ర సంస్థ) రెండూ ఉన్నాయి, ఎస్వీ యూనివర్సిటీ 1954 నుంచి ఉంది. చిత్తూరు, తిరుపతి నుంచి కెమిస్ట్రీ చదివి నాయుడుపేటకో హైదరాబాద్‌కో ఇంటర్వ్యూకి పోయే పిల్లలు నాతో మాట్లాడినప్పుడు అడుగుతా ఉంటాను, ఒక్కరు కూడా ఫ్లో సెటప్ చూశామనలేదు. ఆ సంస్థల వాళ్లు మన డిగ్రీ కాలేజీ పిల్లల్ని ఏడాదికి ఒకరోజు పిలిచి చూపిస్తే బాగుండు, మీరు జిల్లా ఎడిషన్లో అర పేజీ ఇచ్చినా చాలు.

ఇంకొకటి, ఈసారి ప్రమాదం వార్త రాసేటప్పుడు ఆ టైములో అక్కడ ఏం చేస్తా ఉన్నారు, ఛార్జింగా (సరుకు లోపల వేయడం), డిస్టిలేషనా, ఫిల్టరా అని మీ రిపోర్టర్ ఒక్క మాట కనుక్కుని రాయాలి. షిఫ్టులో ఉండే పిల్లోళ్లు ఆ ముక్క కత్తిరించి దాచుకుంటారు, మేం దాచుకున్నాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ప్రొడక్షన్ కెమిస్ట్,
కొర్లగుంట, తిరుపతి