ఆ డిగ్రీని దాచొద్దు చిట్టీ

చిట్టీ,

ఇంగ్లండ్‌లో నర్సింగ్ చదవడానికి లోన్ పెట్టేటప్పుడు ఇక్కడ చేసిన డిగ్రీ దాచాలా అని నువ్వు ఫోన్లో అడిగినదానికి నేను అప్పుడే ఏమీ చెప్పలేదు. నీ పక్కన బుజ్జిగాడు అన్నం తినకుండా అల్లరి చేస్తున్నాడు, అల్లుడు డ్యూటీకి బయల్దేరుతున్నాడు, ఆ హడావిడిలో తేల్చేసే విషయం కాదనిపించింది. అందుకే రాస్తున్నా. తీరిగ్గా చదువు, అల్లుడికీ చూపించు.

లోన్ అప్లికేషన్‌లో ఇక్కడి బీఎస్సీ సంగతి ఎత్తకుండా ఇంటర్ దగ్గరే ఆపేయమని ఎవరో చెప్పారన్నావు కదా, ఆ పని మాత్రం చెయ్యకు. ఆ సలహా ఊరికే పుట్టలేదు, నిజమే. ఇంగ్లండ్‌లో ఒకసారి డిగ్రీ అయినవాళ్ళు, అది ఏ దేశంలో చేసినా సరే, మళ్ళీ అదే స్థాయి డిగ్రీలో ఫుల్ టైమ్ చేరతామంటే చదువుకి ప్రభుత్వ లోన్లిచ్చే స్టూడెంట్ ఫైనాన్స్ వాళ్ళు మామూలుగా ఫీజు లోన్ ఇవ్వరు. పెళ్ళయి పిల్లలు పుట్టాక మళ్ళీ చదువుదామనుకునే మనవాళ్ళు చాలామంది అక్కడే ఆగిపోతారు. నువ్వు మొదట్లో అనుకున్న అకౌంటింగ్ డిగ్రీ అయ్యుంటే నీకూ అదే అడ్డం పడేది, ఏడాదికి తొమ్మిది వేల పౌండ్లకి పైగా చేతి నుంచి కట్టుకోవాల్సి వచ్చేది.

కానీ నువ్వు చేరాలనుకుంటున్నది నర్సింగ్. నర్సింగ్, మిడ్‌వైఫరీ, ఫిజియోథెరపీ లాంటి కోర్సులకి ఆ రూల్ నుంచి మినహాయింపు ఉంది, ముందు డిగ్రీ ఉన్నా లోన్ ఇస్తారు. మీకు ఐఎల్ఆర్, అంటే అక్కడే స్థిరంగా ఉండిపోయే అనుమతి వచ్చింది, మూడేళ్ళకి పైగా అక్కడే ఉంటున్నారు కాబట్టి లోన్‌కి అడిగే నివాసం విషయంలోనూ ఇబ్బంది లేదు. మరి దాచి ఏం లాభం? అసలు నీకు దారి దగ్గర చేసేదే ఆ డిగ్రీ. బయోకెమిస్ట్రీ లాంటి సబ్జెక్టుతో డిగ్రీ ఉన్నవాళ్ళకి అక్కడ రెండేళ్ళ ఎమ్మెస్సీ నర్సింగ్ ఉంటుంది, అది పూర్తిచేస్తే మూడేళ్ళ కోర్సు చేసినవాళ్ళలాగే రిజిస్టర్డ్ నర్సువి అవుతావు. పీజీ అయినా దానికి డిగ్రీ పిల్లలకిచ్చే లోనే ఇస్తారు. నర్సుల రిజిస్టర్ చూసే ఎన్‌ఎంసీ, ముందు చదివినదీ చేసిన పనీ లెక్కలోకి తీసుకుని కోర్సులో సగం దాకా తగ్గించడానికి యూనివర్సిటీలకి వీలిచ్చింది. మొత్తం 4,600 గంటల శిక్షణ, అందులో సగం రోగుల మధ్య పని చేస్తూ నేర్చుకునేది. నువ్వు కేర్ హోమ్‌లో చేసిన డ్యూటీలు ఈ తగ్గింపుకి పనికిరావచ్చు, మీ మేనేజర్ చేత గంటలతో సహా లెటర్ రాయించుకో.

ఇంకో మాట. యూనివర్సిటీ అప్లికేషన్‌లో డిగ్రీ ఉందని రాసి, లోన్ అప్లికేషన్‌లో లేదని రాస్తే రెండూ ఎప్పుడో ఒకప్పుడు ఎదురుపడతాయి. అప్పుడు ఇచ్చిన డబ్బు వెనక్కి కట్టమంటారు. అది ఎలాగోలా సర్దుకుంటాం అనుకుందాం, కానీ కోర్సు అయ్యాక రిజిస్టర్‌లో పేరు ఎక్కాలంటే నీ నడవడిక మంచిదని యూనివర్సిటీ వాళ్ళు ఎన్‌ఎంసీకి రాసివ్వాలి. రోగి మందుల చార్టు మీద నీ సంతకాన్ని నమ్మాల్సినవాళ్ళు వాళ్ళు. దాంతో ఆటలాడుకోకు తల్లీ.

ఇప్పుడు కాగితాల సంగతి. నీ సర్టిఫికెట్లన్నీ బీరువాలోంచి తీసి మంచం మీద పరిచి చూశాను. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంది, తర్వాత నీ పేరు. ఇంటర్ మెమోలోనూ అంతే. డిగ్రీకి వచ్చేసరికి ఇంటిపేరు ఒక్క అక్షరం అయిపోయింది. పాస్‌పోర్ట్‌లో పెళ్ళయ్యాక అల్లుడి ఇంటిపేరు చివర్లో చేరింది. మనకైతే చూడగానే అంతా ఒక్క మనిషే అని తెలుస్తుంది, అక్కడ టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్ళకి మూడు పేర్లు, ముగ్గురు మనుషులు. అందుకని మ్యారేజ్ సర్టిఫికెట్ కచ్చితంగా జతచెయ్యి, దాంతోపాటు ఈ పేర్లన్నీ ఒక్కరివేనని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించు. ఇక్కడ కావాలంటే నాన్న చూసుకుంటారు, కానీ సంతకం నీది కాబట్టి అక్కడే చేయించడం సులువేమో అడుగు.

డిగ్రీది మన దగ్గర ప్రొవిజనల్, అన్నేళ్ళ మార్కులూ కలిపి ఇచ్చే సీఎంఎం మాత్రమే ఉన్నాయి. పెళ్ళి హడావిడిలో ఓడీ, అదే ఒరిజినల్ డిగ్రీ, తీసుకోనేలేదు. బయటి దేశాలవాళ్ళు ప్రొవిజనల్‌ని చాలాసార్లు ఒప్పుకోరు, అందుకే నాన్న ఓడీకీ ట్రాన్‌స్క్రిప్టుకీ ఉస్మానియాలో అప్లై చేసేశారు. విద్యానగర్ నుంచి క్యాంపస్ ఎంత దూరం, ఆయనకి పొద్దున వాకింగ్ అయినట్టూ ఉంటుంది, ఎగ్జామినేషన్ బ్రాంచ్‌లో కనుక్కున్నట్టూ ఉంటుంది. ఒకటి గుర్తుపెట్టుకో, నువ్వు చదివినప్పుడు ఏడాదికోసారే పరీక్షలు, క్రెడిట్లూ సెమిస్టర్లూ 2016లో వచ్చాయి. నీ మెమోల్లో క్రెడిట్ల కాలమ్ ఉండదు. అది లేదని అక్కడివాళ్ళు కంగారుపడితే సిలబస్ చూపించాలి, మూడేళ్ళ బయోకెమిస్ట్రీ సిలబస్ కాపీ కూడా నాన్న తీసుకుంటున్నారు. ఫిజియాలజీ, ఎంజైములు, జెనెటిక్స్ ఎక్కడెక్కడ చదివావో పెన్సిల్‌తో గుర్తులు పెట్టి పంపుతాను.

పదో తరగతి మెమోలో ఇంగ్లిష్ పక్కన థర్డ్ లాంగ్వేజ్ అని ఉంటుంది. తెలుగు మీడియం కదా, తెలుగు ఫస్టు, హిందీ సెకండు, ఇంగ్లిష్ మూడోది. యూనివర్సిటీవాళ్ళు జీసీఎస్ఈ, అంటే అక్కడి పదో తరగతి లాంటి పరీక్ష, దాని ఇంగ్లిష్‌కి సమానం చూపించమన్నప్పుడు ఇది కంట్లో పడుతుంది, ఒప్పుకోకపోయినా బాధపడకు. లెక్కలకి ఆ మెమో సరిపోవచ్చు, ఒక్కో యూనివర్సిటీ ఒక్కోలా చూస్తుంది. ఇంగ్లిష్‌కి మాత్రం ఫంక్షనల్ స్కిల్స్ లెవెల్ 2 అనే పరీక్ష ఉంది, జీసీఎస్ఈ లేని పెద్దవాళ్ళకి అక్కడి కాలేజీల్లో ఉచితంగానే నేర్పుతారు, దాన్ని ఒప్పుకుంటారేమో ముందే అడిగి చేరు.

డిగ్రీ విలువ కట్టేది యూకే ఎనిక్, 2021కి ముందు నారిక్ అనేవాళ్ళు. మన డిగ్రీ అక్కడి ఏ స్థాయికి సమానమో వాళ్ళు స్టేట్‌మెంట్ ఆఫ్ కంపేరబిలిటీ అని ఇస్తారు, దానికి ఫీజు ఉంటుంది. డబ్బు కట్టే ముందు అడ్మిషన్స్ వాళ్ళకి మెయిల్ పెట్టి అది కావాలా అని అడుగు, చాలా యూనివర్సిటీలు తామే చూసుకుంటాయి. ఇక్కడ ఒక కన్సల్టెన్సీ అబ్బాయి అపోస్టిల్ (కాగితం అసలుదేనని మన విదేశాంగ శాఖ వేసే ముద్ర) లేకపోతే ఏ కాగితమూ చెల్లదని నాన్నని బాగా భయపెట్టాడు. నేను వద్దన్నాను. అపోస్టిల్ అక్కడివాళ్ళు రాతపూర్వకంగా అడిగితేనే చేయిద్దాం, అడగనిదానికి వేలు పొయ్యడం దేనికి.

డబ్బు గురించి నువ్వు అంత టెన్షన్ పడకు. అప్పంటే మన ఇంట్లో ఎప్పుడూ భయమే, కానీ ఈ లోన్ తీరు వేరు. జీతం ఏడాదికి 25,000 పౌండ్లు దాటాకే, ఆ దాటినదాంట్లో నూటికి తొమ్మిది చొప్పున జీతంలోంచే కోస్తారు, 40 ఏళ్ళకి మిగిలింది రద్దు. అది కాక అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ వాళ్ళ లెర్నింగ్ సపోర్ట్ ఫండ్ అని ఉంది, ఏడాదికి 5,000 పౌండ్లు ఇస్తారు, తిరిగి కట్టక్కర్లేదు. 15 ఏళ్ళలోపు పిల్లలుంటే ఇంకో 2,000. బుజ్జిగాడి బర్త్ సర్టిఫికెట్ ఆ అప్లికేషన్ కోసం స్కాన్ చేసి ఉంచు. స్టూడెంట్ ఫైనాన్స్‌కి నువ్వు అర్హురాలివని తేలితేనే ఈ ఫండ్ ఇస్తారు కాబట్టి అక్కడ రాసే ప్రతి ముక్కా నిజమే ఉండాలి.

ముప్పై ఐదేళ్ళకి మళ్ళీ పుస్తకం పట్టుకుంటే నవ్వుతారేమో అన్నావు. ఎవరే నవ్వేది? అక్కడ డిగ్రీలో ఇరవై ఒకటి నిండాక చేరితేనే మెచ్యూర్ స్టూడెంట్ అంటారు, నీలాంటివాళ్ళు ఆ క్లాసుల్లో బోలెడుమంది. నువ్వు బీఎస్సీ ఫైనల్లో కరెంటు పోయినా ఎమర్జెన్సీ లైటు పెట్టుకుని చదివిన పిల్లవి, నాకు తెలియదా.

ఈ వారంలో రెండు పనులు చెయ్యి. నువ్వనుకున్న రెండు యూనివర్సిటీలకీ మెయిల్ పెట్టు, బీఎస్సీ ఎప్పుడు ఎక్కడ చేశావో, కేర్ హోమ్‌లో ఎన్నాళ్ళుగా చేస్తున్నావో దాపరికం లేకుండా రాసి, రెండేళ్ళ కోర్సుకి వీలవుతుందా అని అడుగు. వాళ్ళిచ్చిన జవాబు నాకు వాట్సాప్‌లో పంపు. రెండోది, పాస్‌పోర్ట్ మొదటి పేజీ, చివరి పేజీ నాన్నకి స్కాన్ చేసి పంపు, ట్రాన్‌స్క్రిప్టు అప్లికేషన్‌తో పెట్టాలట. డిగ్రీ కాలేజీ హాల్‌టికెట్ నంబర్ నా దగ్గరే ఉంది, దాని గురించి వెతుక్కోకు.

అల్లుణ్ణి అడిగానని చెప్పు. బుజ్జిగాడికి ముద్దులు.

అమ్మ
విద్యానగర్, హైదరాబాద్