కేంద్ర పర్యావరణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: మా అభిప్రాయం ఎప్పుడు అడుగుతారు?

గౌరవనీయులైన మంత్రివర్యులకు,

నమస్కారములు. జన్యుమార్పిడి (జీఎం) ఆహారం, అంటే వేరే జీవి జన్యువును చేర్చిన పంటల ఆహారం గురించి జిల్లా అధికారుల ద్వారా పంపుకున్న వినతులకు జవాబు రాకపోవడంతో ఈ లేఖ బహిరంగంగా రాయవలసి వస్తోంది.

జీఎం ఆవాలకు ఇచ్చిన అనుమతిపై నడిచిన కేసులో 2024 జూలై 23న సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ భిన్నమైన తీర్పులు ఇచ్చినా, రైతులతో, రాష్ట్రాలతో, నిపుణులతో సంప్రదించి జాతీయ విధానం రూపొందించాలన్న విషయంలో ఏకాభిప్రాయం చూపారు. వీలైతే నాలుగు నెలల్లో ఆ సంప్రదింపులు జరపాలన్నారు. ఆ గడువు ఎప్పుడో దాటింది. మా మండలంలో ఈ మాట అడిగినవారు ఇంతవరకు లేరు.

అడగడం అసాధ్యం కాదు. పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన బీటీ వంకాయకు 2009 అక్టోబరులో అనుమతుల కమిటీ సమ్మతించినా, అప్పటి మంత్రి జైరాం రమేశ్ హైదరాబాదుతో సహా ఏడు నగరాల్లో సభలు పెట్టి, దాదాపు 8,000 మంది పాల్గొన్న ఆ చర్చలు ముగిశాకే 2010 ఫిబ్రవరి 9న దాని విడుదలను నిలిపివేశారు. ఆ నిర్ణయం తప్పని ఇప్పటికీ వాదించేవారు ఉన్నారు. అయినా జనాన్ని అడగలేదని వారు కూడా అనలేరు.

నేను విజ్ఞానానికి వ్యతిరేకిని కాను. 2002లో అనుమతి పొందిన బీటీ పత్తినే నేనూ వేస్తున్నాను. నేడు దేశంలో పత్తి సాగులో 90 శాతానికి పైగా అదే. ఆ గింజల నూనె వంటల్లోకి, చెక్క పశువుల దాణాలోకి పోతున్నాయి. విదేశాల నుంచి వచ్చే సోయా నూనెలోనూ అధికభాగం జీఎం సోయాదే. శుద్ధి చేసిన నూనెలో మార్చిన జన్యువు జాడ దాదాపు మిగలదని శాస్త్రవేత్తలు అంటున్నారు. నిజమే కావచ్చు. అలాంటప్పుడు ఆ నూనె ఏ పంట నుంచి వచ్చిందో ప్యాకెట్టు మీద తెలుగులో రాయడానికి అభ్యంతరమేమిటి? దిగుమతి నూనెల విషయంలో, ప్యాకెట్టు మీద వివరాలు రాయడానికి సంబంధించిన ఆహార భద్రత చట్టం 23వ సెక్షను పాటించాలని ఆ ఆవాల కేసులోనే కోర్టు కూడా చెప్పింది కదా. కొనేవారికి తెలియకుండా అమ్ముతూ ఉంటే, ప్రజలు అభ్యంతరం చెప్పలేదన్న మాటకు విలువేముంది?

ఇప్పుడు వరి వంతు వచ్చింది. బాపట్లలో రూపుదిద్దుకున్న సాంబ మసూరిలో జన్యు సవరణ (పంటలో ఉన్న జన్యువునే మార్చడం) చేసి హైదరాబాదు శాస్త్రవేత్తలు తెచ్చిన ‘కమల’ రకాన్ని 2025 మేలో ప్రకటించారు. పరాయి జన్యువు లేనందున జీఎం నిబంధనలు వర్తించవని చెబుతున్నారు. దిగుబడి పెరిగితే మొదట సంతోషించేది మేమే. కానీ అది మేము రెండు పూటలా తినే అన్నం. దాని పరీక్షల ఫలితాలు మాకు అర్థమయ్యే భాషలో చూపించమని చేతులు జోడించి అడుగుతున్నాము.

దయచేసి సంప్రదింపుల తేదీలు ప్రకటించండి. గుంటూరు, వరంగల్ వంటి చోట్ల తెలుగులోనే సభలు జరపండి. పత్రాలు ముందుగా పంచాయతీలకు అందేలా చూడండి. మేము ఒప్పుకుంటామో, వద్దంటామో ఆ సభల్లోనే చెబుతాము.

ఇట్లు,
గుంటూరు జిల్లాకు చెందిన ఒక పత్తి రైతు